పెండ్లి జాతి గుర్రం

ఎల్‌బీ నగర్‌లో మా వీధి చివర ఒక ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పదింటికి బారాత్ మా గేటు ముందు నుంచే పోతుంది. ముందు డీజే బండి, వెనక దీపాలు నెత్తిన మోసేవాళ్ళు, వాళ్ళ మధ్య ఒక తెల్ల గుర్రం. మొన్న శ్రావణంలో అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి ఆ గుర్రాన్ని చూడగానే ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. దాని ఉద్యోగం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. శని, ఆదివారాలు ఊరవతల రాంచికి పోయి స్వారీ నేర్చుకుంటున్నది. పెళ్ళికొడుకు ఇంకా ఎక్కలేదు. కళ్ళెం పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని, "తమ్ముడూ, ఇది ఏం జాతి?" అని అడిగింది. వాడు గుర్రం వంక ఒకసారి చూసి, "పెండ్లి జాతి మేడమ్" అన్నాడు.

మా అమ్మాయి మురిసిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్న మా బావమరిది మాత్రం మొహం ముడుచుకున్నాడు. ఆయన పశుసంవర్ధక శాఖలో డాక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. రూపాయి పందెం కాయడు గాని మలక్‌పేట గుర్రప్పందేలు ఒక్కటి వదలడు. గుర్రాన్ని చూస్తే కాళ్ళనొప్పులని సామెత. ఈయనకు గుర్రాన్ని చూస్తే దాని తాత పేరు గుర్తుకొస్తుంది.

మరునాడు పొద్దున మెట్రోలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఆయన ఇంటికి వెళ్ళాం. బాల్కనీలో కూర్చుంటే ఎదురుగా మెట్రో స్తంభాలు, కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు, మధ్యలో హాస్టల్ కిటికీలకు ఆరేసిన బట్టలు. వాళ్ళిద్దరి మధ్య కుర్చీ నాకు దొరికింది. మాట్లాడే వంతు దొరకలేదు. అందుకని విన్నది రాసి, నాకు తోచింది అక్కడక్కడ ఇరికిస్తున్నాను.

మామ: నిన్న ఆ పిలగాడు చెప్పింది జవాబు కాదు బిడ్డా. జాతి అంటే తండ్రెవరు, తల్లెవరు, తాతెవరు. అవి చెప్పరాని గుర్రం మంచిదే కావచ్చు గాని జాతి గుర్రం కాదు. ఇక్కడి నుంచి మూడు స్టేషన్లు పోతే మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886ల పందేలను మౌలాలి నుంచి అక్కడికి తెచ్చిండు. ఆయన పోయినంక మళ్ళ మౌలాలికి పోయి, 1968ల తిరిగొచ్చినయి. ఇయ్యాల అక్కడ ఉరికే గుర్రాలన్నీ థరోబ్రెడ్లు. ఏదాన్ని పట్టుకుని తండ్రి, తండ్రికి తండ్రి అనుకుంట పోయినా మూడు గుర్రాల దగ్గరనే ఆగుతవు. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. 1791ల ఇంగ్లండుల వంశావళి పుస్తకం అచ్చేసిండ్రు. అప్పటి సంది ఒక్క తరం ఇడిచిపెట్టకుండ రాస్తనే ఉన్నరు.

అమ్మాయి: మూడింట్లో ఒక్కటీ ఇంగ్లండులో పుట్టింది కాదు మామా. ఒకదాని పేరులో టర్క్, రెండింటి పేర్లలో అరబ్.

మామ: పుట్టుడు యాడైనా పుట్టనీ. రాసిపెట్టుకున్నది వాళ్ళు. నీ అమెరికా సంగతే చెప్త ఇను. రజీన్ అని ఒక గుర్రం. అమెరికాల పుట్టింది, నార్తర్న్ డాన్సర్ కొడుకు. 1990ల ఇంగ్లండు డెర్బీల ఇదే గెలుస్తదని లోకమంత పైసలు పెట్టింది. ఓడిపోయింది. ఆ ఓడిన గుర్రాన్నే మన దేశానికి తెచ్చి ఉషా స్టడ్‌ల ఉంచిండ్రు. దాని పిల్లలు దేశంల ఉన్న పెద్ద పందేలన్నీ కొట్టినయి. తండ్రి ఓడినా పిల్లలు ఎందుకు గెలిచినయి? రక్తం! ఆ రక్తం సంగతి పుస్తకంల ఉన్నది కాబట్టి కొన్నరు.

అమ్మాయి: అదే పుస్తకం అమెరికా గుర్రాలను ఏం చేసిందో కూడా చెప్పాలి కదా. 1910 ప్రాంతంలో న్యూయార్క్‌లో జూదం మీద చట్టాలొచ్చి పందెం మైదానాలు మూతపడ్డాయి. అక్కడి గుర్రాలు ఎన్నో ఓడలెక్కి ఇంగ్లండుకు వచ్చాయి. అక్కడివాళ్ళకు తమ గుర్రాల ధరలు పడిపోతాయని భయం పట్టుకుంది. 1913లో రూలు పెట్టారు: అటు ఇటు అన్ని వైపులా మా పుస్తకంలో ఉన్న గుర్రాలకు చేరితేనే జాతి, లేకపోతే కాదు. అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది, కాగితాలు ఎన్నో పోయాయి. దాంతో గెలిచే గుర్రాలు కూడా "సగం జాతి" అయిపోయాయి. ఆ సగం జాతివే వచ్చి వాళ్ళ పందేలు గెలుస్తుంటే చేసేది లేక 1949లో సడలించారు. అది రక్తం గొడవ కాదు మామా, మార్కెట్ గొడవ.

మామ: పుస్తకం పట్టుకున్నోని బుద్ధి వంకర అయితే అది పుస్తకం తప్పా?

ఇక్కడ టీ వచ్చింది. మా అమ్మాయి కప్పు పక్కన పెట్టేసి టెక్సస్‌కు వెళ్ళిపోయింది.

అమ్మాయి: నేను ఎక్కే గుర్రం సంగతి చెప్తాను. క్వార్టర్ హార్స్. క్వార్టర్ అంటే పావు మైలు, సుమారు 400 మీటర్లు. వర్జీనియాలో వలస వచ్చినవాళ్ళు అడవి నరికి పొగాకు వేసిన రోజులు. మైళ్ళ పొడవు మైదానం ఎక్కడుంది? ఊరి నడుమ బాట ఒకటి ఉండేది, అందులో చదునుగా ఉన్నది పావు మైలు. అందుకని పందెం కూడా అంతే. 1756లో జానస్ అనే గుర్రాన్ని ఇంగ్లండు నుంచి తెచ్చారు. నువ్వు చెప్పిన గొడాల్ఫిన్‌కు మనవడే. అది దూరపు పందేల గుర్రం. స్థానిక గుర్రాలతో కలిపితే పుట్టిన పిల్లలు మాత్రం పావు మైలులో ఎవరికీ అందనివి. ఇప్పుడు పావు మైలు సుమారు 21 సెకన్లలో కొడతాయి. నీ థరోబ్రెడ్ ఊపు అందుకునేలోపు ఇది గీత దాటేసి ఉంటుంది.

మామ: జానస్ నా పుస్తకంల గుర్రమే కదా, నువ్వే ఒప్పుకుంటివి.

అమ్మాయి: ఆగు, అసలు కథ తర్వాత ఉంది. వలసలు పడమటికి పోయాయి. టెక్సస్‌లో కంచె లేని బయళ్ళు, వేల పశువులు. అక్కడ ఈ గుర్రానికి కొత్త పని దొరికింది. మందలోంచి ఒక పశువును విడదీయాలి. కౌబాయ్ దూడను చూపిస్తాడు, అంతే, కళ్ళెం వదులు చేస్తాడు. ఆ తర్వాత అంతా గుర్రమే. ముందుకాళ్ళు వంచి, చెవులు నిక్కించి దూడ ఎటు కదలబోతుందో అది కదలకముందే అటు వాలుతుంది. మొదటిసారి నేను జీను కొమ్ము పట్టుకుని కూడా కింద పడ్డాను. ఆ తెలివిని కౌ సెన్స్ అంటారు. పశువు మనసు తెలియడం. అది ఏ పుస్తకంలో రాస్తారు? సంఘం పెట్టి పుస్తకం తెరిచింది 1940లో, ఫోర్ట్‌వర్త్‌లో. మరుసటి ఏడు అక్కడి ప్రదర్శనలో మొదట నిలిచిన మగ గుర్రానికి ఒకటో నెంబరు ఇచ్చారు. కింగ్ రాంచ్‌వాళ్ళ వింపీకి వచ్చింది. అప్పటికి ఆ గుర్రాలు ఆ పని మొదలుపెట్టి ఎన్ని తరాలు గడిచాయో లెక్క వేసుకో.

బిడ్డ పుట్టిన దాదాపు 200 ఏళ్ళకు బారసాల అన్నమాట. నాకు నవ్వొచ్చింది. మా బావమరిదికి రాలేదు.

మామ: పేరు ఎప్పుడు పెడితేంది? పెట్టకపోతే ఇయ్యాల నువ్వు దాన్ని క్వార్టర్ హార్స్ అని పిలుస్తుంటివా? "మా రాంచిల ఒక ఎర్ర గుర్రం ఉన్నది" అంటుంటివి.

అమ్మాయి: సరే, మోర్గన్ సంగతి చెప్పు. దాని తండ్రి ఎవరు?

ఆ ప్రశ్నకు ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పెసరట్టు ముక్క తుంచి అల్లం పచ్చడిలో అద్ది చాలాసేపు నమిలాడు. తెలియక కాదు, తెలుసు కాబట్టి.

కథ నేను చెప్తాను. జస్టిన్ మోర్గన్ ఒక పేద బడిపంతులు. చర్చిలో పాడే పాటలకు బాణీలు కట్టేవాడు, ఊరూరూ తిరిగి సంగీతం నేర్పేవాడు. ఎవరో ఇవ్వాల్సిన బాకీకి బదులుగా 1789లో మాసచూసెట్స్‌లో పుట్టిన ఒక గుర్రప్పిల్లను ఇచ్చారు. దాన్ని తోలుకుని ఆయన వెర్మాంట్ చేరుకున్నాడు. పేరు ఫిగర్. ఎత్తు 14 హ్యాండ్లు, అంటే 56 అంగుళాలు; పక్కింటివాళ్ళు నవ్వేంత పొట్టి. పగలు దుంగలు లాగేది, పొలం దున్నేది, సాయంత్రం పందెం పరుగెత్తేది, ఆదివారం యజమానిని గుడికి మోసేది. పంతులు 1798లో పోయాడు. గుర్రం చేతులు మారుతూ మారుతూ పనిచేస్తూనే ఉంది. చివరికి 1821లో ఇంకో గుర్రం తన్నిన గాయానికి చికిత్స లేక చనిపోయింది. ఏ గుర్రంతో కలిసినా పిల్ల మాత్రం అచ్చం దానిలాగే పుట్టేది. పొట్టిగా, గట్టిగా, మెడ ఎత్తి. ఆ పిల్లల పిల్లలే ఇప్పుడు ఒక జాతి. వెర్మాంట్ 1961లో దాన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. యజమాని పేరు గుర్రానికి, గుర్రం పేరు జాతికి వచ్చింది. తండ్రి ఫలానా అని కొందరు, కాదని కొందరు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మామ: పెసరట్టు సల్లారిపోతది తినుండ్రి. మోర్గన్ సంగతి నాకు తెల్వదా? అట్ల తన గుణం పిల్లలకు దింపే శక్తి అన్ని గుర్రాలకు ఉండదు. అది ఒట్టి పని కాదు. పని చేసిన గుర్రాలు ఆ ఊళ్ళె యాభై ఉంటయి. అందుల ఒక్కదాని పోలికే ఎందుకు నిలిచింది? రక్తమే గద మల్ల!

అమ్మాయి: రక్తమే. కాని కాగితం లేని రక్తం.

ఈ ఒక్కచోట ఇద్దరికీ సగం సగం మార్కులు వేశాను. కింద బోర్డుల మీద నవ్వుతున్న ర్యాంకర్ల ఫోటోలు చూస్తూ అమ్మాయే మళ్ళీ అందుకుంది.

అమ్మాయి: మీ దిల్‌సుఖ్‌నగర్‌కు సరిపోయే గుర్రం ఒకటుంది మామా. స్టాండర్డ్‌బ్రెడ్. రెండు చక్రాల తేలిక బండి కట్టి పరుగెత్తిస్తారు, మన జట్కాకు చుట్టం అనుకో. దౌడు తీయకూడదు, అడుగు మారకూడదు. ముందు ఎడమ, వెనక కుడి జంటగా వేసేది ట్రాటర్. ఒక పక్క కాళ్ళు రెండూ కలిపి వేసేది పేసర్. 1879లో ఒక పరీక్ష పెట్టారు. ట్రాటర్ మైలు దూరం రెండున్నర నిమిషాల్లో పోవాలి. పోతే జాతి, పోకపోతే కాదు. ఆ కొలతే స్టాండర్డ్, అదే జాతి పేరయింది. నీ పేరు, మీ తాత పేరు అక్కర్లేదు. గడియారం ఒక్కటే.

మామ: ఎంసెట్ పెట్టిండ్రన్నట్టు!

అమ్మాయి: అంతే.

మామ: మరి తర్వాత ఏమైంది, అది ఎందుకు చెప్పవు? 1849ల న్యూయార్క్ దిక్కు హాంబుల్టోనియన్ పుట్టింది. రిజ్‌డిక్ అని ఒక పాలేరు, తల్లిని పిల్లను కలిపి 125 డాలర్లకు కొన్నడు. అది 1300 పైచిలుకు పిల్లలను కన్నది. ఇయ్యాల స్టాండర్డ్‌బ్రెడ్ ఏదాన్ని పట్టుకున్నా దాని వంశమే. పరీక్ష రాసి లోపలికొచ్చినోళ్ళ పిల్లలు పరీక్ష లేకుండనే లోపలికొచ్చిండ్రు. మొదలు ర్యాంకు, తర్వాత ఇంటిపేరు. లోకమంత ఇంతే బిడ్డా, గుర్రాల దగ్గర వేరే ఉంటదా?

ఆయన ఇది గెలిచిన ఉత్సాహంతో చెప్పాడు. నాకైతే ఓడినట్టు వినిపించింది. ఈ వాదమంతా నడుస్తున్న 'జాతి' అనే మాట మన దేశంలో గుర్రాల దగ్గర ఆగే మాట కాదు. మా ముగ్గురికీ అది తెలుసు. తెలిసీ గుర్రాల మీదనే మాట్లాడుకున్నాం.

కెంటకీ శాడిల్‌బ్రెడ్ గురించి కాసేపు నడిచింది గాని అందులో పోట్లాటకు పెద్దగా సరుకు లేదు. దానికి మామూలు మూడు నడకలు కాక నేర్పితే ఇంకో రెండు వస్తాయి, మొత్తం ఐదు. పైన కూర్చున్నవాడి చేతిలో చాయ్ తొణకదు. అమరకోశంలో గుర్రం నడకలకు పంచధారలని పేరుందనీ, ధౌరితకం, ప్లుతం అంటూ ఒక్కోదానికి ఒక్కో మాట ఉందనీ నేను జొరబడితే ఇద్దరూ నా వంక చూసి మళ్ళీ వాళ్ళ దారిన వాళ్ళు పోయారు.

అమ్మాయి: మామా, నువ్వు డాక్టరువి. నిన్నొకటి అడుగుతాను. ఇంప్రెసివ్ గుర్రం గురించి విన్నావా?

మామ: విన్న.

అమ్మాయి: చెప్పు మరి.

మామ: (కాసేపు ఆగి) క్వార్టర్ హార్సే. 1969ల పుట్టింది. పందెం గాదు, పశువులు గాదు. నిలబెట్టి చూసే పోటీలల్ల కండలు చూసి బహుమతులిచ్చిండ్రు. అసొంటి కండ ఇంకో గుర్రానికి లేదు. జనం ఎగబడి దాంతోని ఈత కట్టించుకున్నరు. కొన్నేండ్లకు దాని వంశంల గుర్రాలు ఉన్నట్టుండి వణుకుడు, కూలబడుడు, కొన్ని చచ్చిపోవుడు మొదలైంది. కండరాలల్ల ఉప్పుల లెక్క తప్పే జబ్బు. ఆ కండకూ ఆ జబ్బుకూ మూలం ఒక్కటే లోపమంటరు. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండుపక్కలా ఆ జన్యువొచ్చిన పిల్లలను 2007 నుంచి పుస్తకంల ఎక్కించుకుంటలేరు.

అమ్మాయి: పుస్తకంలో అన్నీ సరిగానే ఉన్నాయి. తండ్రి పేరు, తాత పేరు, బహుమతులు. గుర్రం పని మాత్రం మానేసింది. పని మానేశాక జాతి చూపుడు బొమ్మ అయింది. టెనెసీ వాకింగ్ హార్స్‌ది ఇంకా ఘోరం. పొలాల మధ్య రోజంతా తిరిగే యజమానికి నడుము నొప్పి రాకుండా జారినట్టు నడిచే గుర్రం అది. పొలం పని పోయింది. పోటీల్లో కాలు ఎంత ఎత్తితే అంత చప్పట్లు. ఎత్తించడానికి కాళ్ళకు ఆవనూనె, కిరసనాయిలు పూసి పుండు చేసి, పైన గొలుసులు కట్టేవాళ్ళు. నొప్పికి కాలు నేల మీద ఆనించలేక ఎగరేస్తుంది. దాన్ని ఆపడానికి 1970లో చట్టం చేయాల్సి వచ్చింది.

ఆయన ఏమీ అనలేదు. లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చాడు. ఉద్యోగంలో ఎన్ని లాడాలు పీకి ఎన్ని పుండ్లు కడిగాడో నాకు తెలియదు గాని, కూర్చున్నాక గొంతు మారింది.

మామ: కాగితం కండ్లు మూసుకుంటదని ఒప్పుకుంట. మరి కాగితం లేకుంటే ఏమైతదో నువ్వు ఒప్పుకో. మచ్చల గుర్రం సంగతి చెప్పు.

అమ్మాయి: ఆపలూసా.

మామ: ఆ... అది. నెజ్ పెర్స్ అని అక్కడి మూలవాసులు. స్పెయిన్‌వాళ్ళు తెచ్చిన గుర్రాలు చేతులు మారి వాళ్ళ దాకా పోయినయి. వాళ్ళు పుస్తకం రాయలే. కండ్లతోని చూసి, మంచిదాన్ని ఉంచుకుని, బాగలేని మగదాన్ని కొట్టించి పెంచిండ్రు. 1806ల దేశం చూసుకుంట ఆ దారిన పోయిన లూయిస్ దొర ఇవి మేలు జాతి గుర్రాలని రాసి మెచ్చుకున్నడు. 1877ల సర్కారు వాళ్ళ భూమి గుంజుకున్నది. పెండ్లాం పిల్లలను, గుర్రాలను పట్టుకుని 1900 కిలోమీటర్లు ఉరికిండ్రు. కెనడా సరిహద్దు ఇంకో 60 కిలోమీటర్లు ఉన్నదనంగ దొరికిపోయిండ్రు. వాళ్ళ చీఫ్ జోసెఫ్ తుపాకి కింద పెట్టిండు. మనుషులను బండ్లెక్కించి పంపిండ్రు, గుర్రాలను పట్టుకుని దొరికినోళ్ళకు అమ్ముకున్నరు. కాగితం ఉంటే ఏ గుర్రం యాడికి పోయిందో కనీసం వెతుకుదుము. అది గూడ లేదాయె.

అమ్మాయి: 1938లో కొందరు తెల్లవాళ్ళు ఒరెగాన్‌లో క్లబ్బు పెట్టి మిగిలిన మచ్చల గుర్రాలను ఏరి పుస్తకం తెరిచారు. మచ్చ ఉంటే చాలన్నారు. తర్వాత అరబ్బు, థరోబ్రెడ్, క్వార్టర్ హార్స్ అన్నిటితో కలిపారు. మచ్చ దక్కింది.

మామ: పేరన్న దక్కింది గద.

అమ్మాయి: నెజ్ పెర్స్‌వాళ్ళు 1990ల్లో మళ్ళీ తమ గుర్రాన్ని తామే మొదలుపెట్టారు మామా. తుర్క్‌మెనిస్తాన్ గుర్రం అఖల్-టెకెతో ఆపలూసాలను కలిపి. పుస్తకంలో ఉన్నది తమది కాదని వాళ్ళకు అనిపించబట్టే కదా.

ఎండ బాల్కనీలోకి వచ్చింది. కుర్చీలు లోపలికి జరుపుకున్నాం. అప్పుడు మా అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు అంతవరకు తోచలేదు.

అమ్మాయి: స్పెయిన్‌వాడు కోర్టెజ్ 1519లో మెక్సికోలో దిగినప్పుడు వెంట ఉన్నవి 16 గుర్రాలు. అంతకుముందు పది వేల ఏళ్ళుగా ఆ ఖండంలో గుర్రమే లేదు. అక్కడి నుంచి వాళ్ళు ఇన్ని జాతులు చేశారు. మనం ఎన్ని వందల ఏళ్ళు కొన్నాం? తెలుగు గుర్రం అని ఒక్కటి కూడా ఎందుకు లేదు?

మామ: మార్వాడీ, కాఠియావాడీ, మణిపురీ, స్పితి, జన్‌స్కార్. మనది లేదు, నిజమే. పక్కన మహారాష్ట్రల భీమా నది ఒడ్డుకు భీమథడి ఉన్నది. మరాఠా సైన్యం పోయినంక దాన్ని ధంగర్ గొర్రెల కాపర్లు సామాను మోసెటందుకు ఉంచుకున్నరు. ఈమధ్యనే కేంద్రంవాళ్ళు జాతిగా రాసుకున్నరు.

ఈ చివరి మాటతో ఆయన తన కేసు తనే ఓడాడని నేను సైగ చేశాను. అమ్మాయి పట్టించుకోలేదు.

గుర్రం కొనడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. విజయనగరంలో ఉండి చూసి రాసిన న్యూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి. రాయలు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని రాశాడు. హోర్ముజ్ నుంచి ఓడల్లో వచ్చినవీ, దేశవాళీవీ కలిపి. సాళువ నరసింహరాయల కథ ఇంకా విచిత్రం. బతికినవైనా చచ్చినవైనా వెయ్యి వరహాలకు మూడు లెక్కన కొనేవాడట. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికినదానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. మార్కో పోలో అంతకు రెండు వందల ఏళ్ళ ముందే తమిళ తీరం చూసి, ఇక్కడ గుర్రాలకు ఉడికించిన అన్నం, మాంసం పెడతారనీ, వైద్యం తెలిసినవాళ్ళను వర్తకులు కావాలనే తీసుకురారనీ రాశాడు. గుర్రం చస్తేనే కదా మళ్ళీ బేరం. మనకు శాస్త్రం లేక కాదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులో పద్యకావ్యమే రాశాడు. ఏ సుడి ఎక్కడుంటే శుభమో, ఏది అశుభమో చూసి కొనడం మనకు బాగా తెలుసు. పెంచడమే తెలియదు.

మామ: ఎందుకంటే గుర్రం మన దగ్గర రాజుది. రైతుది కాదు. మన రేగడిల గుర్రం దున్నదు, మన పొలం బండి గుర్రం లాగదు. పండుగకు ఊరేగింపు, యుద్ధానికి సవారీ. రాజ్యం పోంగనే గుర్రం పోయింది. రౌతు, సాహిణి, లాయం, జీను అని మాటలు మిగిలినయి. ఉలవలు గుర్రాలకు ఎడ్లకు ఉడకబెట్టిన నీళ్ళతోని మనం చారు కాసుకున్నం. గుర్రం పోయింది గాని చారు మిగిలింది.

అమ్మాయి: మామా, ఇందాకటి నుంచి నేను చెప్తున్నది అదే! పని ఉన్నచోటే జాతి పుడుతుంది.

మామ: (చెయ్యి అడ్డం పెట్టి) ఆగు. మరి మన పని ఎవరు చేసిండ్రు?

ఆయన కళ్ళలో వెలుగు అప్పుడు చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మూడేళ్ళు ప్రకాశం జిల్లాలో చదలవాడ పశుక్షేత్రంలో పనిచేశాడు. పెళ్ళి సంబంధాలు చూడటానికి కూడా రానని మొండికేసిన కాలం అది. ఎందుకని అడిగితే కోడె ఒకటి జబ్బుగా ఉందన్నాడు.

మామ: ఒంగోలు గిత్త! దాన్ని ఏ రాజు తయారు చేసిండు? ఏ పుస్తకం రాసిండ్రు? నల్లరేగడి దున్నాలె, బరువు గుంజాలె, ఎండకు ఆగాలె, పిడికెడు చొప్పతోని బతకాలె. గుండ్లకమ్మ దిక్కు రైతులు వందల ఏండ్లు కండ్లతోనే ఏరి ఏరి నిలబెట్టిండ్రు. బ్రెజిల్‌వాళ్ళు తీస్కపోయి నెల్లూరు పేరు మీద నెలోర్ అని పెట్టుకున్నరు. ఆ దేశంల మాంసం పశువులల్ల ఎక్కువ అదే. నీ టెక్సస్‌కు గూడ పోయింది. ఒంగోలు, గిర్, గుజరాత్, కృష్ణా లోయ పశువులను కలిపి ఒక కొత్త జాతి చేసిండ్రు. 1924ల హ్యూస్టన్‌ల సంఘం పెట్టి దానికి పేరు పెట్టిండ్రు. ఏం పేరో తెలుసా?

అమ్మాయి: బ్రాహ్మన్. మా రాంచిలో ఉన్నాయి. అవి ఇక్కడివని నాకు ఎవరూ చెప్పలేదు.

మామ: ఇక్కడ దున్నితే ఎద్దు. సముద్రం దాటితే బ్రాహ్మడు.

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఒక చిన్న నిశ్శబ్దం వచ్చింది. ఎల్‌బీ నగర్ వైపు పోయే మెట్రో ఒకటి ఎదురుగా పోయింది.

మా అమ్మాయి ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. దుమ్ము లేచిన కంచె లోపల అది ఎక్కిన ఎర్ర గుర్రం. కళ్ళెం వదులుగా వేలాడుతున్నది. ఎదురుగా ఒక దూడ. దూడ కుడికి కదిలితే గుర్రం కుడికి, ఎడమకు మళ్ళితే ఎడమకు, మోకాళ్ళు వంచి, పొట్ట నేలకు తాకుతుందేమో అన్నంత కిందికి వాలి. నేను గుర్రాన్ని చూస్తున్నాను. అమ్మాయి కూడా గుర్రాన్నే, బహుశా దాని మీద తననే, చూసుకుంటున్నది. మా బావమరిది కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గుర్రాన్ని కాదు, దూడను చూడు బిడ్డా," అన్నాడు. "ఆ మూపురం చూడు. ఆ గంగడోలు చూడు. మల్లొకసారి పెట్టు."